రాతిమనిషికి నేను పెట్టిన మాటలు

పోయిన నెల ఒక ఆదివారం నుంచి మా మనవరాలు హారిక నన్ను నక్షత్రాలు అడుగుతోంది. చూసిన సినిమాకు ఐదులో ఎన్ని ఇస్తావవ్వా అని. సినిమా చూసి బయటికి వచ్చేవాళ్ల నోటి ముందు ఫోను పెట్టి అభిప్రాయాలు అడగడం, వాటిని కత్తిరించి అతికించి తన చానల్లో పెట్టుకోవడం దానికి సరదా. ఉద్యోగంలో చేరినా ఆ సరదా మానలేదు. ఆ ఆదివారం బెంగళూరులో ఒక మాల్‌కి నన్నూ వెంటబెట్టుకుపోయింది. నలుపు తెలుపు కాలం నాటి ఇంగ్లీషు రాక్షసుడి సినిమా ఒకదాన్ని ఇప్పుడు మళ్లీ కొత్తగా తీశారట. తెలుగులోకి కూడా మార్చారట. చావు, శవం అన్నీ ఉంటాయి గానీ కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తుందట. కథ దారిలోనే చెప్పింది. గని కూలి కింద పూడిపోయిన మనిషి ఒళ్లంతా రాయిగా మారి, కొన్నాళ్లకు పైకి లేచి, తన ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు. ఆ మాట విన్నప్పుడే నేను వెనక్కి తిరిగి ఉండాల్సింది. మోకాళ్లు నొప్పి అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. అబద్ధాలు నాకు కొత్త కాదు.

సినిమా నిజంగానే నవ్వించింది. ఇంటికి చేరిన రాతిమనిషి చేతుల మీద పెళ్లాం తడిబట్టలు ఆరేస్తుంది. పిల్లలు వాడి వీపు మీద అగ్గిపుల్లలు గీస్తారు. తను బతికే ఉన్నానని కాగితం తెచ్చుకోవడానికి వాడు ఆఫీసుకు పోతే, గుమాస్తా తల ఎత్తకుండానే చచ్చినట్టు రాసి ఉంది, మార్చడానికి కుదరదంటాడు. పెన్షను కోసం ఏటా బతికున్నానని సంతకం పెట్టి వచ్చే రిటైర్డు టీచర్ని కాబట్టి అక్కడ అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను. తరువాత అంతకు ముందు జరిగింది చూపించారు. వాడు మొదటిసారి గడప ముందు నిలబడి తలుపు తడతాడు. పాత సినిమాలో వాడికి మాట లేదు, మూలుగే. ఈసారి మాట పెట్టారు. తలుపు తీసిన పెళ్లాంతో వాడు, ఈ పూట కూర ఏంటే అంటాడు. హాలు హాలంతా ఘొల్లుమంది. హారిక చెయ్యి పట్టుకుని బయటికి పోదామన్నాను. ఏసీ చలి పడలేదేమో అనుకుని అది తన శాలువా తీసి కప్పింది.

బయట దాని పని మొదలైంది. ఒక కుర్రాడు ఫస్టాఫ్ కేక, సెకండాఫ్ సాగింది అన్నాడు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, భయపడతామని వచ్చాం గాని నవ్వి నవ్వి బిడ్డకు పాలివ్వడం మరిచిపోయానంది. నా వయసున్న ఒక పెద్దాయన పాతదే నయం, ఆ నిశ్శబ్దంలో ఉన్న భయం దీంట్లో లేదన్నాడు. ఒకమ్మాయి మాత్రం, పెళ్లాం పాత్రను ఇంకా బాగా రాసి ఉండాల్సింది, అన్నేళ్లు ఆమె ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు అంది. ఫోను నా వైపు తిప్పి, పాత సినిమా చూశావు కదా, నిజంగా అంత భయం వేసేదా అని హారిక అడిగింది. భయమెక్కడిది, మేమూ నవ్వాం, నవ్వించింది నేనే అన్నాను. ఆ ముక్క దాని ఫోన్లో అలాగే ఉంది. దాన్ని చానల్లో పెట్టొద్దని చెప్పాను.

మేము కేజీఎఫ్‌లో, కోలారు బంగారు గనుల దగ్గర, లైన్లలో ఉండేవాళ్లం. ఒకే గోడకు ఆనుకుని వరసగా కట్టిన చిన్న చిన్న ఇళ్లవి. వాకిట్లోంచి చూస్తే బంగారం తీసేశాక పారబోసిన మట్టి, సైనైడ్ దిబ్బలు, గాలి లేస్తే వాటి బూడిదరంగు దుమ్ము అన్నంలోకి వచ్చేది. మా నాయన చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో టింబరు పనిలో చేరాడు. కింద కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మొదటి షిఫ్టుకు ఆయన చీకటి ఉండగానే పోయేవాడు. పోయే మనిషిని ఎప్పుడొస్తావని అడగకూడదు. అది మా లైన్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. మూడు గంటలకల్లా ప్రతి ఇంటి వెనకా పొయ్యి రాజేసి బానలో నీళ్లు కాచేవాళ్లు, లైను మీద పొగ ఒక దారంలా కాదు, దుప్పటిలా పరుచుకునేది. నాయన వచ్చాక తడికర్ర వాసన, కార్బైడు దీపం వాసన, చెమట వాసన ఇంట్లోకి ముందు వచ్చేవి, మనిషి తరువాత వచ్చేవాడు. వీపు రుద్దించుకుని, వేడి ముద్ద, ఉలవచారు తిని, ఒక గంటసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ గంట అమ్మ మమ్మల్ని కూడా మాట్లాడనిచ్చేది కాదు. లోపల రాయి పగిలినప్పుడు పైన మా గూటిలో గిన్నెలు గలగలమనేవి. ఏర్‌బ్లాస్టు అనేవాళ్లు దాన్ని. చేతిలో పని చేతిలోనే ఆపి ఆడవాళ్లందరూ గనిలోకి దిగే షాఫ్టు వైపు తిరిగి నిలబడేవాళ్లు. సైరను రాకపోతే మళ్లీ పనిలో పడేవాళ్లు. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనుకునేవాళ్లు కాదు.

బుధవారం మధ్యాహ్నం మాత్రం ఆడవాళ్ల ఆట ఉండేది. రేకుల హాలు, నేల మీద చాపలు, మగవాళ్లు కిందికి పోయిన వేళ. నెలకొకసారి ఇంగ్లీషు సినిమా వేసేవాళ్లు. అది ఆడవాళ్లకు ఎక్కడ అర్థమవుతుంది. మగవాళ్ల ఆటకు స్టోర్సు గుమాస్తా ఒకడు నిలబడి అరవంలోనూ తెలుగులోనూ కథ చెప్పేవాడు. ఆడవాళ్ల ఆటకు మగమనిషి ఉండకూడదు కాబట్టి ఆ పని నాకు వచ్చింది. కాన్వెంటు బడిలో తొమ్మిదో తరగతి, బుధవారాలు ఒంటిపూట బడి. మా లైనులో ఇంగ్లీషు పుస్తకం పట్టిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. తెరకు పక్కగా ముక్కాలిపీట వేసుకుని, సగం తెర వైపు, సగం ఆడవాళ్ల వైపు తిరిగి కూర్చునేదాన్ని. నాకు తెలిసిన ఇంగ్లీషు ఎంత, ఆ దొరల మాట వేగం ఎంత. పదిలో రెండు మాటలు పట్టుకుని మిగతా ఎనిమిదీ నా సొంతంగా అల్లేదాన్ని. వాళ్లకు కావలసిందీ అదే. ఉడికించిన శనక్కాయలు నా ఒళ్లో పోసి, అమ్మణ్ణీ ఇంగ చెప్పు అనేవాళ్లు. పెద్దవాళ్లు అంతమంది నా నోటి వైపు చూస్తుంటే నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

గంగులక్కది మా పక్కిల్లు. గౌనిపల్లి నుంచి పంతొమ్మిదేళ్లకు పెళ్లయి వచ్చింది. పొద్దున్నే అమ్మ నాయనను పంపే హడావిడిలో ఉండేది కాబట్టి బడికి పోయే ముందు నాకు జడ వేసేది గంగులక్కే. దువ్వెన లాగినప్పుడు నొప్పి తెలియకుండా కుదుళ్ల దగ్గర రెండో చేత్తో నొక్కి పట్టుకునేది. అంత మెత్తగా నా తల ముట్టుకున్నవాళ్లు తరువాత ఎవరూ లేరు. ఆమె మొగుడు మునస్వామికి ఒక అలవాటు. షిఫ్టు నుంచి వస్తూ నాలుగిళ్ల అవతలి నుంచే, గంగులూ, నీళ్లు కాగినాయా, అని రాగం తీసి కేక పెట్టేవాడు. లైనంతా వినపడేది. అత్తలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు, గంగులక్క సిగ్గుతో లోపలికి పోయేది. పెళ్లయిన నాలుగో ఏట ఒకరోజు గిన్నెలు గలగలమన్నాయి, సైరను వచ్చింది. గని లోపల ఆ లెవెల్లో, ఆ అంతస్తులో, ముగ్గురు ఉంటే ఇద్దరిని పైకి తెచ్చారు. మునస్వామి ఉన్న చోటికి దారి లేకపోయింది. పది రోజులు చూసి ఆ దారి మూసేశారు. వాడి టోపీ, తువ్వాలు పెట్టి కర్మ చేశారు. గంగులక్కకు స్టోర్సులో ఊడ్చే పని ఇచ్చారు, ఇల్లు ఉండనిచ్చారు. ఆమె మళ్లీ నాకు జడ వేయడం మొదలుపెట్టింది గానీ ఏడాది పాటు నవ్వలేదు.

ఆమెను ఆ సినిమాకు తీసుకుపోయింది నేనే. రానంటే బతిమాలాను. నువ్వు నవ్వితే చూడాలని ఉంది అక్కా అన్నాను. మంచి ఉద్దేశమే. చెడు ఎప్పుడూ చెడు ఉద్దేశంతోనే జరగాలని లేదని తరువాత తెలిసింది. సినిమాకు ముందు ఎప్పటిలాగే న్యూసురీలు వేశారు. ఎక్కడో వరద, ఇళ్ల కప్పుల మీద జనం, ఒక ఆనకట్ట. ఇది నిజం, ఈ మధ్యే జరిగింది అని చెప్పాను. అదే తెర మీద, అదే నలుపు తెలుపుల్లో, అదే ఇంగ్లీషు గొంతుతో వెంటనే సినిమా మొదలైంది. ఇప్పటి నుంచి కథ అని చెప్పాలని నాకు తోచలేదు. ఆడవాళ్లు మొదట హడలిపోయారు. కొండ కింద గని, దీపాలు, కూలిన రాళ్లు, వాళ్లకు తెలిసినవే అన్నీ. రాళ్లు కదిలి లోపలి నుంచి చెయ్యి బయటికి వచ్చేసరికి ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ భయం పోగొట్టాలని నేను వేళాకోళం మొదలుపెట్టాను. రాతిమనిషి మూలుగుతాడే గానీ మాట్లాడడు. అందరి మాటలూ సినిమావాళ్లవి, వాడి మూలుగు ఒక్కటే నాది. వాడు మొదటిసారి మూలిగితే, పప్పులో ఉప్పు జాస్తి అయ్యిందే అన్నాను, మూడో ఇంటి చెంగయ్యలాగా. చెంగయ్య పెళ్లాం పకపకా నవ్వింది. రెండోసారి మూలిగితే మా చివరింటి ముసలాయనలాగా దగ్గి, నా బీడీకట్ట యాడ పెట్టినావే అన్నాను. చాపల మీద దొర్లి దొర్లి నవ్వారు. ఒకరి మొగుడి మాట అయ్యాక ఇంకొకరు, మా ఆయనది చెప్పు పాపా అని అడుగుతున్నారు. గంగులక్క కూడా నవ్వింది. నేను చూశాను. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సరిగ్గా అప్పుడు రాతిమనిషి తన ఇంటి గడప ముందు నిలబడి మూలిగాడు. నా నోట్లోంచి రాగం తీసిన మునస్వామి గొంతు వచ్చింది.

"గంగులూ, నీళ్లు కాగినాయా?"

సగం మంది నవ్వు మొదలుపెట్టి సగంలో ఆపేశారు. మా అమ్మ లేచి నా చెంప మీద ఒకటి ఇచ్చింది. గంగులక్క ఏడవలేదు. నన్ను కాదు, తెర వైపు చూసింది కాసేపు. తరువాత చెప్పులు వేసుకోకుండానే లేచి వెళ్లిపోయింది. సినిమా ఇంకా అరగంట ఉంది. మిగతా కథ నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్లు తీర్పులు చెప్పుకున్నారు. మా కాలపు అభిప్రాయాలు అవే, బిందె నిండేలోపు అయిపోవాలి. ఒకావిడ, ఆ దేశంలో పెళ్లాం తలుపు తీయడానికి అంతసేపా అంది. ఇంకొకావిడ, ఇంత కర్చు పెట్టి ఎవురన్నా అబద్ధం తీస్తారా, యాడనో జరిగే ఉంటాది అంది. ఆదివారం మగవాళ్లు చూసి వచ్చారు. వాళ్ల గోల వేరు. సినిమాలోని గనిలో దుంగలు నిలబెట్టిన తీరు చూసి మా నాయనకు ఒళ్లు మండింది. షిఫ్టు నుంచి వస్తే గంటసేపు నోరు విప్పని మనిషి ఆ రోజు సినిమా నుంచి వస్తూనే మాట్లాడాడు. "ఆ టింబరు పెట్టినోన్ని ముందు పట్టుకోవల్ల. రాతిమనిషిని పట్టుకునేది తర్వాత" అన్నాడు. అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. అప్పటికే నేను చేయకూడనిది చేసేశాను.

సినిమా మర్నాటి పొద్దునే, బడికి పోయే ముందు, భయపడుతూనే దువ్వెన తీసుకుని గంగులక్క దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎప్పటిలాగే కుదుళ్లు నొక్కి పట్టుకుని చిక్కు తీసింది. మూడు పాయలు విడదీశాక మెల్లగా అడిగింది.

"పాపా, ఆ మనిషి ఉండాడే, లోపల పడి ఎన్నేండ్లకు పైకి వచ్చినాడంట? ఇంగ్లీసులో చెప్పినారా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అది ఏ ఊర్లో, ఆ వరద వచ్చిన ఊరికి పక్కనేనా అని మళ్లీ అడిగింది. అప్పుడు తెలిసింది. వరద ఎంత నిజమో రాతిమనిషీ అంతే నిజమని ఆమె అనుకుంది. అది కథక్కా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంటే ఏమవుతుందో కూడా ఆ క్షణంలోనే తోచింది. అది కథ అయితే, మునస్వామి గొంతుతో నేను అన్నది ఉత్త ఎగతాళి. చచ్చిపోయిన ఆమె మొగుణ్ని పదిమందిలో పెట్టి నవ్వించినట్టు. అది నిజమైతే, ఆ మాటలు నావి కావు, ఆ మనిషివి. నన్ను నేను కాపాడుకోవడానికి దాన్ని నిజంగానే ఉండనిచ్చాను. ఎన్నేళ్లో సినిమాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు. ఏడేండ్లక్కా అన్నాను. ఏడు ఎందుకో నాకు తెలియదు, నోటికి వచ్చింది. ఆమె రిబ్బను ముడి వేసి, ఎప్పటిలా భుజం తట్టి పంపింది. బడికి దాదాపు పరుగెత్తుకుంటూ పోయాను, తప్పించుకున్నానని సంతోషంగా.

నెల తిరక్కుండానే గౌనిపల్లి నుంచి ఆమె అన్న వచ్చాడు. మంచి సంబంధం ఒకటి తెచ్చాడు. పెళ్లాం పోయినవాడు, పిల్లలు లేరు, రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగులు పెంచుతాడు, తాగడు. ఆ కాలంలో మొగుడు పోయినదానికి మళ్లీ పెళ్లి చేయాలనుకునే అన్న దొరకడమే గొప్ప. గంగులక్కకు ఇరవై నాలుగేళ్లు. ఏడేండ్లు కానీ అన్నా, అంతే చెప్పిందట. ఏం ఏడేండ్లు, ఎవరికి మొక్కుకున్నావు అని ఆయన ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఆయన మా ఇంటికి వచ్చి అమ్మ ముందు కూర్చుని, దీనికి ఈ మాట ఎవురు చెప్పినారో కనుక్కోమ్మా అని ప్రాధేయపడ్డాడు. అమ్మ నా వైపు తిరిగి, నీకేమన్నా చెప్పిందా అంది. నాకు తెలీదమ్మా అన్నాను. ఆయన రెండు రోజులుండి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఖాళీ చేతులతో బస్సెక్కాడు. మొదటి అబద్ధం చిన్నపిల్ల భయం అని సరిపెట్టుకోవచ్చు. ఈ రెండోదానికి అలాంటి పేరు ఏదీ దొరకలేదు. ఎదురుగా ఒక మనిషి తన చెల్లెలి బతుకు కోసం అడుగుతుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆడాను.

మునస్వామి పోయిన ఏడో ఏడు నేను కోలారులో టీచరు ట్రైనింగులో ఉన్నాను. రెండు రోజులు సెలవు దొరికితే ఇంటికి వచ్చాను. పక్కిల్లు సున్నం కొట్టి తెల్లగా మెరిసిపోతోంది. గంగులక్కకు ఏమయిందో ఏమో, ఇంటికి సున్నం కొట్టించింది, కొత్త తువ్వాలు కొన్నది, రోజూ మూడు గంటలకు బాన నిండా నీళ్లు కాస్తున్నది, ఒక్క మనిషికి అన్ని నీళ్లు ఎందుకే అంటే మొక్కు అంటున్నది, అని అమ్మ చెప్పింది. కాఫీ గ్లాసు కింద పెట్టి పెరట్లోకి వెళ్లాను. వెనక గోడ మీదుగా చూస్తే పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. తలంటుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని ఉంది. నన్ను చూసి వచ్చినావా పాపా అంది. నవ్వింది. ఆ సినిమా తరువాత నేను మొదటిసారి చూసిన నవ్వు అది. గోడ ఎక్కువ ఎత్తేమీ కాదు. చెయ్యి చాపితే ఆమె భుజం అందుతుంది. వచ్చినానక్కా అన్నాను, అంతే. మర్నాటి దాకా ఉండాల్సినదాన్ని ఆ సాయంత్రమే మారికుప్పంలో రైలెక్కి వచ్చేశాను. కిటికీలోంచి లైన్ల మీద పొగ కనిపిస్తే తల తిప్పుకున్నాను.

తరువాత నాకు కోలారులోనే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. నాయన రిటైరై పలమనేరు పక్క మా ఊరికి పోయాడు. గనులు మూతపడ్డాయి, గంగులక్క పుట్టిల్లు గౌనిపల్లికి పోయింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. తప్పు చేస్తే వచ్చి చెప్పండి, కొట్టను అని ప్రతి ఏడూ మొదటి రోజే చెప్పేదాన్ని. చెప్పేటప్పుడల్లా నా మాట నాకే గుచ్చుకునేది. కోలారుకూ గౌనిపల్లికీ ఎంత దూరం గనక. వెళ్లలేదు. ఇప్పుడు హారిక ఫోన్లో అభిప్రాయాలు చూస్తుంటే ఒకటి అనిపిస్తుంది. వీళ్లు మూడు నక్షత్రాలు ఇచ్చి, ఇంటికి పోయి, అన్నం తిని ఆ సినిమాను మరిచిపోతారు. మరిచిపోవాలి కూడా. కథ చూస్తున్నామని వాళ్లకు తెలుసు. చావు మీద హాయిగా నవ్వుకునే ధైర్యం ఆ తెలివి నుంచే వస్తుంది. ఆ తెలివి మా గంగులక్కకు ఇవ్వాల్సినదాన్ని నేను. ఆ హాల్లో ఆ పనికి కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. పాత సినిమాను నవ్వులాటగా మార్చి తీసినవాళ్ల మీద ఆ పెద్దాయనకు కోపం వచ్చింది. వాళ్లకన్నా యాభై ఏళ్ల ముందే నేను ఆ పని చేశానని ఆయనకు ఎవరు చెప్తారు.

ఇదంతా హారికకు చెప్పేశాను. మా అమ్మకు, నా మొగుడికి చెప్పనిది. అది ఫోను బోర్లా పెట్టి వింది. అంతా అయ్యాక, ఆమె ఉందా అవ్వా అని మాత్రం అడిగింది. ఉందని నాకు తెలుసు. శ్రీనివాసపురంలో ఉండే మా ఆడపడుచు చెప్తూనే ఉంటుంది, గౌనిపల్లిలో అన్న కొడుకు ఇంట్లో ఉంటున్నదని. ఆ మల్బరీ తోటాయన ఆ ఏడే ఇంకొకరిని చేసుకున్నాడు. గంగులక్క మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మరుసటి ఆదివారం హారిక కారు తీసింది.

మేము చేరేసరికి మధ్యాహ్నం. గంగులక్క పట్టుగూళ్లు చేటలో పోసుకుని మరకలున్నవి పక్కకు తీస్తోంది. మనిషి ఎండిపోయింది గాని చేతులు అవే. నేను పేరు చెప్పకముందే, టింబరాయన కూతురివి కదా అంది. ఈ బిడ్డ నీ మనవరాలా, నీ మాదిరే జుట్టు ఒత్తుగా ఉండాది అని హారికను దగ్గరికి పిలిచింది. అమ్మ పోయిన సంగతి, నాయన పోయిన సంగతి అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. చెప్పాల్సింది మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. హారిక నా మోచెయ్యి నొక్కింది. అప్పుడు ఆమె పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. ఆ సినిమా కథే గాని జరిగింది కాదని, ఏడేళ్లని అందులో ఎవరూ అనలేదని, ఆ లెక్క నేను పెట్టానని, ఆ పొద్దు ఆమె తిడుతుందని భయపడి పెట్టానని. ఏదీ దాచకుండా, ఆమె అన్న వచ్చి అడిగినప్పుడు నాకు తెలియదన్నదీ చెప్పాను.

ఆమె చేతిలో గూడు అటూ ఇటూ తిప్పి చూసి మంచివాటిలో వేసింది. ఇంకొకటి తీసింది.

"ఏడైనాయి, రాలే. పాప చిన్నబిడ్డ కదా, లెక్క తప్పినట్టుండాది అనుకున్నా. ఇంగో మూడేండ్లు చూసినా. నువ్వు అబద్ధం చెప్పుంటావని నా మనసుకు రాలేదమ్మా."

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. కాళ్లు వెనక్కి తీసుకుంది, కోపంతో కాదు, ఆ పని తనకు అలవాటు లేనట్టు. అన్న కోడలు వచ్చి కాఫీ పెట్టి పోయింది. గంగులక్క చేట కింద పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నేను నడాన లేచి వచ్చేస్తిని కదా ఆ పొద్దు. ఆఖరుకు ఏమాయె? వాడు ఇల్లు చేరినాడా?"

చేరాడని చెప్పాలనిపించింది. నిజంగా, నాలుక చివరిదాకా వచ్చింది. పాత సినిమాలో ఊరివాళ్లు కాగడాలు పట్టుకుని వాణ్ని తరుముతారు. వాడు మళ్లీ గనిలోకే పోతాడు. పెళ్లాం తలుపు తీసేసరికి గడప మీద ఎవరూ ఉండరు.

"లేదక్కా. చేరలేదు. లోపలికే పోయినాడు."

ఆమె తల ఊపింది. కాఫీ గ్లాసు తీసి నా చేతికి ఇస్తూ అంది.

"ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే, నేను మా అన్న ఎంబడి వచ్చేసుందును కదమ్మా."